బ్యారెల్‌లో సీసం అంటుకుంటోంది: .44 మాగ్నమ్ రివాల్వర్‌కి పోత గుండ్లు

మిసూలా గుంటూరోడు | సొంతూరు గుంటూరు, బ్రాడీపేట | జనవరి 8

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఉంటున్నాను. పండక్కి ఇంటికొచ్చాను, నెలాఖరు దాకా గుంటూరులోనే ఉంటాను. అక్కడ నాకు లైసెన్సు మీద వేట అలవాటైంది. .44 మాగ్నమ్ సింగిల్ యాక్షన్ రివాల్వర్ వాడతాను, బ్యారెల్ ఏడున్నర అంగుళాలు. తూటాలు నేనే నింపుకుంటాను. గుండ్లు కూడా నేనే పోస్తాను, 250 గ్రెయిన్లవి. మన లెక్కలో ఒక్కోటి 16 గ్రాములు. ముక్కు చదునుగా, భుజం కోసినట్టుగా ఉండే నమూనా, ఎల్మర్ కీత్ అనే పాతతరం అమెరికన్ వేటగాడు, తుపాకుల రచయిత గీసింది.

సమస్య ఇది. పన్నెండు దెబ్బలు పేల్చేసరికి గురి చెదిరిపోతోంది. బ్యారెల్‌లోకి లైటు వేసి చూస్తే, గుండు లోపలికి దూరే మొదటి అంగుళంలో గాడుల పక్కన బూడిద రంగు చారలు. సీసమే. బ్రష్షుతో గంటసేపు తోమితే తప్ప పోదు. గుండు మెత్తగా ఉంది కాబట్టి రాసుకుపోతోందనుకుని, మూతపడిన ఒక ప్రింటింగ్ ప్రెస్ నుంచి లైనోటైప్ లోహం (అచ్చు అక్షరాల వరసలు మిషనులో పోసే లోహం) కొన్నాను. ఇప్పుడు వంద శాతం దానితోనే పోస్తున్నాను. గోరు దిగనంత గట్టిగా వచ్చాయి. అయినా చారలు తగ్గలేదు, పెరిగాయి!

ఇంకో విషయం చెప్పాలి, చెప్పడానికి మనసొప్పడం లేదు. మొన్న నవంబరులో ఒక తెల్లతోక జింకను కొట్టాను. నలభై గజాల దూరం, దెబ్బ భుజం ఎముక మీద పడింది. గుండు లోపల ముక్కలైపోయింది. ఆ జీవిని వెతికి పట్టుకోవడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలు నేను మర్చిపోలేను. దీన్ని సరిచేసుకునేదాకా మళ్లీ వేటకెళ్లకూడదని అనుకున్నాను.

ఇక్కడెందుకు అడుగుతున్నానంటే, అచ్చు అక్షరాల లోహం గురించి విజయవాడ వాళ్లకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరుంటారు? ప్రెస్సుల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

నిర్వాహకుడు | జనవరి 8

చర్చ మంచిదే, కొనసాగించండి. ఒక్క నియమం. తుపాకి మందు ఎన్ని గ్రెయిన్లు వెయ్యాలో ఈ వేదికలో ఎవరూ రాయొద్దు. అది మందు తయారుచేసిన కంపెనీ అచ్చువేసిన పుస్తకంలో చూసుకోవలసిందే. లోహం, కొలతలు, జాగ్రత్తలు ఎంతైనా మాట్లాడుకోండి.

లా పాయింట్ | విజయవాడ, సూర్యారావుపేట | జనవరి 8

చదివే కుర్రాళ్ల కోసం రాస్తున్నాను. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషేధం. ఇక్కడ మాట్లాడుతున్నదంతా మోంటానాలో జరిగే పని. బాబూ, వచ్చేటప్పుడు నీ బ్యాగుల్లో ఖాళీ కేసు, అంటే పేలిన తూటా ఇత్తడి డొల్ల, ఒక్కటి కూడా లేదు కదా?

మిసూలా గుంటూరోడు | జనవరి 8

లేదండీ. బయలుదేరే ముందు మూడుసార్లు దులిపాను. వేటకి వాడే జాకెట్ అసలు తీసుకురాలేదు. నా నోటుబుక్కు, ఫోనులో ఫొటోలు, అంతే.

తెనాలి టెక్సాస్ | జనవరి 9

తమ్ముడూ, నేను హ్యూస్టన్ పక్కన ఉంటాను, ఇరవై ఏళ్లుగా గుండ్లు పోస్తున్నాను. నా సలహా: ఇంకా గట్టిగా చెయ్యి. అచ్చులోంచి తీసిన వెంటనే నీళ్ల బకెట్‌లో పడెయ్యి, గట్టితనం ఇంకా పెరుగుతుంది. లేదంటే గుండు అడుగున రాగి టోపీ తొడుగు, గ్యాస్ చెక్ అంటారే, అది. మాగ్నమ్ వేగానికి మెత్తని సీసం ఆగదు.

పోత తాత | విజయవాడ, వన్‌టౌన్ | జనవరి 9

బాబూ, మనవడు ఫోనులో చదివి వినిపించాడు. నేను చెబుతుంటే వాడే టైపు చేస్తున్నాడు.

టైపు ఫౌండ్రీలో పోత మిషను మీద పంతొమ్మిదేళ్లు పనిచేశాను. తుపాకి సంగతి నాకు తెలియదు. లోహం సంగతి తెలుసు. నువ్వు కొన్న లైనోటైప్ లోహం లెక్క ఇదీ: నూటికి 84 పాళ్లు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. ఈ లెక్క ఊరికే పెట్టింది కాదు. ఈ మూడూ ఆ పాళ్లలో కలిస్తే దాదాపు 240 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఉత్త సీసం అయితే 327 దాకా పోవాలి. పైగా ఆ పాళ్లలో పాకం మధ్యలో ముద్దకట్టి నానదు, నీళ్లలా ఉన్నది ఉన్నట్టు గడ్డకడుతుంది. మిషను నిమిషానికి ఇన్ని వరుసలు పొయ్యాలంటే అలాంటి లోహమే కావాలి. సీసం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. ఆంటిమొనీ ఆ కుంచించుకోవడాన్ని తగ్గిస్తుంది, అందుకే అక్షరం అంచులు పదునుగా వస్తాయి. తగరం వల్ల లోహం అచ్చు మూలమూలకీ పారుతుంది. దీర్ఘాల తోకలు, వట్రసుడి కొన తెగకుండా రావాలంటే తగరం ఉండాల్సిందే.

కానీ బాబూ, అక్షరం చేసే పని కాగితాన్ని ముద్దు పెట్టుకోవడం. దెబ్బ తినడం దాని పని కాదు. టైపు కేసు చెయ్యిజారి గచ్చు మీద పడితే మా దగ్గర అక్షరాలు వంగేవి కావు, విరిగేవి. ఆంటిమొనీ ఎక్కువైతే లోహం గట్టిపడుతుంది, దాంతోపాటే పెళుసు అవుతుంది. అరిసెల పాకం ముదిరితే ఏమవుతుంది? అరిసె గట్టిగానే ఉంటుంది, నోట్లో పెడితే పలుకులవుతుంది. నీ జింక విషయంలో జరిగింది అదే అని నాకనిపిస్తోంది. ఎముక మీద పడేదానికి అచ్చు అక్షరం లోహం పనికిరాదు.

ఆ లోహం పారెయ్యకు. మెత్తని సీసం ఒక పాలు, నీ లైనోటైప్ ఒక పాలు కలుపు. లెక్క వేసుకో: సీసం 92, ఆంటిమొనీ 6, తగరం 2 అవుతుంది. లేత పాకమూ కాదు, ముదురూ కాదు.

తెనాలి టెక్సాస్ | జనవరి 9

తాతగారూ, నమస్కారం. 92–6–2 అంటే ఇక్కడ హార్డ్‌బాల్ అని అమ్ముతారు. గట్టితనం బ్రినెల్ లెక్కలో 16 దాకా ఉంటుంది. లైనోటైప్ అయితే 22, ఉత్త సీసం 5. మీరు కాగితం మీద లెక్కగట్టి దాన్నే పట్టుకున్నారు! పెళుసు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ మెత్తబడితే బ్యారెల్‌లో సీసం ఇంకా ఎక్కువ అంటుకోదా?

లేత్ మాస్టారు | విజయవాడ, ఆటోనగర్ | జనవరి 10

అంటుకోదు. అందరూ గట్టితనం దగ్గరే ఆగిపోయారు. నేను తుపాకి పట్టుకోలేదు కానీ ముప్పై ఏళ్లుగా బోర్లు కోస్తున్నాను, పిస్టన్లు కూర్చోబెడుతున్నాను. నా మొదటి ప్రశ్న, ఫిట్టింగ్ ఎంత? తమ్ముడు తన పోస్టులో గుండు బరువు రాశాడు, బ్యారెల్ పొడవు రాశాడు, గుండు వ్యాసం రాయలేదు. అది కావాలి నాకు.

మూడు కొలతలు చెప్పు. ఒకటి, గుండు వ్యాసం. రెండు, బ్యారెల్‌లో గాడి నుంచి గాడికి. మూడు, తూటాలు పెట్టే, తిరిగే సిలిండర్‌లో గుండు బయటికి వచ్చే ముందువైపు మూతి, ఆరు రంధ్రాలదీ విడివిడిగా. మైక్రోమీటర్‌తో, వెర్నియర్‌తో కాదు.

మిసూలా గుంటూరోడు | జనవరి 12

మాస్టారూ, మొదటి రెండూ నోటుబుక్కులో ఉన్నాయి. గుండు .429 అంగుళం. సైజింగ్ డైలోంచి దూర్చి సరిగ్గా .429కి తెస్తాను. బ్యారెల్ గాడులు కూడా .429. మెత్తని సీసపు గుండును నూనె రాసి బ్యారెల్‌లోంచి నెట్టి కొలిచాను. రెండూ సమానం కదా, సరిపోయింది అనుకున్నాను.

మూడోది నేనెప్పుడూ కొలవలేదు. రివాల్వర్ అక్కడ సేఫ్‌లో ఉంది, మా ఆవిడకి సెలవు దొరక్క అక్కడే ఉండిపోయింది. తనకీ లైసెన్సు ఉంది, నాకంటే బాగా కొడుతుంది. పక్కింటి మెషినిస్టు దగ్గర పిన్ గేజీలు అరువు తెచ్చి నిన్న రాత్రి వీడియో కాల్‌లో కొలిచింది. ఆరు రంధ్రాలూ .431. అన్నీ ఒకేలా ఉన్నాయి.

లేత్ మాస్టారు | విజయవాడ, ఆటోనగర్ | జనవరి 12

దొరికింది!

నీ గుండు బ్యారెల్‌కి సమానమే. కానీ బ్యారెల్ కంటే ముందు అది సిలిండర్ గొంతులోంచి వెళ్లాలి కదా. అక్కడ రెండు థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు రెండు, వదులు. తల వెంట్రుక మందం కూడా ఉండదు, నిజమే. కానీ .44 మాగ్నమ్ లోపల ఒత్తిడి గరిష్ఠంగా చదరపు అంగుళానికి 36,000 పౌండ్లు అని ఇప్పుడే చదివాను. మా లారీ టైరుకి వంద చిల్లర పెడతాం. 36,000 పౌండ్ల మంట గాలికి వెంట్రుక సందు చాలు. గుండు పక్కనుంచి దూసుకుపోతూ సీసాన్ని గీరి, కరిగించి, ముందున్న బ్యారెల్ మొదట్లో పూస్తుంది. నీ చారలు మొదటి అంగుళంలోనే ఉన్నాయన్నావు. చివర్లో ఉండుంటే, జారడానికి గుండుకి పూసిన మైనం దారిలోనే అయిపోయింది అనుకునేవాణ్ని. మొదట్లో ఉన్నాయి కాబట్టి గాలి తప్పించుకుంటోంది.

మరి గట్టి లోహం వేశాక చారలు ఎందుకు పెరిగాయి? పాత సైకిల్ పంపు గుర్తుందా? లోపల తోలు వాషర్ ఉంటుంది. ఎండి గట్టిపడితే ఎంత కొట్టినా గాలి వెనక్కే వస్తుంది. నూనెలో నానబెడితే ఒత్తిడికి అంచులు విచ్చుకుని గొట్టాన్ని పట్టుకుంటుంది. మెత్తని గుండు అడుగు కూడా అంతే, వెనక ఒత్తిడికి కాస్త ఉబ్బి సందు మూస్తుంది. నీ లైనోటైప్ గుండు ఎండిన వాషరు. ఉబ్బదు.

.431 సైజింగ్ డై తెప్పించుకో. తాతగారు చెప్పిన పాళ్లు కలుపు.

టెన్ మీటర్ లక్ష్మి | గుంటూరు, కొత్తపేట | జనవరి 12

మాస్టారు చెప్పింది చదువుతుంటే ఒళ్లు పులకరించింది. నేను పది మీటర్ల ఎయిర్ పిస్టల్ షూటర్ని. మా పెల్లెట్ డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని తల వ్యాసం వేరువేరుగా రాసి ఉంటుంది. తేడా మిల్లీమీటరులో నూరో వంతు. నా పిస్టల్‌కి ఏది నప్పుతుందో తెలుసుకోవడానికి వారం రోజులు ఒక్కో డబ్బా కొట్టి చూశాం. ఖరీదైనది కొంటే చాలనుకున్నాను మొదట్లో. కోచ్ సార్ ఒప్పుకోలేదు.

కొల్లేరు పక్షి | ఏలూరు రోడ్డు, విజయవాడ | జనవరి 13

మీ విద్యను గౌరవిస్తూనే అడుగుతున్నాను. వేట ఎందుకు? అదీ రివాల్వర్‌తో ఎందుకు? దూరం నుంచి రైఫిల్‌తో కొడితే ఆ జింకకి ఆ రెండు గంటల బాధ ఉండేది కాదేమో. ఇంకొకటి, సీసం. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లో సీసం ముక్కలు తిని కాలిఫోర్నియాలో కాండోర్ రాబందులు చచ్చిపోతుంటే, 2019 జులై 1 నుంచి అక్కడ వేటకి సీసం తూటాలు పూర్తిగా నిషేధించారు. ఇది మీకు తెలిసే ఉంటుంది.

మిసూలా గుంటూరోడు | జనవరి 13

అక్కా, అడిగినందుకు కోపం లేదు. ఏడాదికి ఒక ఎల్క్ దొరికితే మా ఇంట్లో చలికాలమంతా అదే మాంసం. ఎల్క్ అంటే మన కణుజులాంటిదే, ఇంకా పెద్దది. మగది మూడొందల కిలోలు దాటుతుంది. ఒక పర్మిట్‌కి ఒకటే. రివాల్వర్ ఎందుకంటే, మేం తిరిగే చోటు దట్టమైన పైన్ అడవి, అరవై గజాల అవతల ఏమీ కనిపించదు. అంత దగ్గరికి వెళ్లాలంటే గాలి చూసుకోవాలి, అడుగు చూసుకోవాలి. నాకు ఆ నడకే ఇష్టం. తొంభై శాతం రోజులు ఒట్టి చేతులతోనే వస్తాను.

దగ్గరికి వెళ్లినప్పుడు దెబ్బ ఖచ్చితంగా ఉండాలి, గుండు ఎముకని దాటి అవతలికి పోవాలి. విచ్చుకోవడం మీద కాకుండా బరువు మీద, చదును ముక్కు మీద ఆధారపడే గుండు ఇది. అది ముక్కలైతే తప్పు నాదే. అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను. కాండోర్ సంగతి తెలుసు. నేను పేగులు, కళేబరం భాగాలు పూడుస్తాను. అది చాలుతుందా అని మీరు అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు.

అరండల్‌పేట డాక్టర్ | గుంటూరు | జనవరి 14

భోగి పొద్దున ఆస్పత్రికి వెళ్లే ముందు ఇది రాస్తున్నాను. మీరు పక్షుల దగ్గర ఆగారు, నేను మనుషుల దగ్గరికి వస్తాను. బ్యాటరీలు విప్పి సీసం కరిగించే ఒకతను రెండు నెలలు కడుపునొప్పితో తిరిగాడు. అల్సర్ మందులు మింగాడు. నా దగ్గరికి వచ్చేసరికి మణికట్టు పైకి ఎత్తలేకపోతున్నాడు, చిగుళ్ల అంచున నీలి గీత. సీసం నెమ్మదిగా ఎక్కుతుంది, ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది.

అందరూ పొగ అంటే భయపడతారు. పోతపోసే వేడికి పొగ కంటే ప్రమాదం పైన తేలే తెట్టు. ఆ పొడి సన్నగా లేచి చేతికి, చొక్కాకి, నేలకి అంటుతుంది. అక్కడి నుంచి అన్నం ముద్దలోకి. బాబూ, మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? ఎక్కడ కూర్చుని పోస్తున్నారు? ఎప్పుడైనా రక్తంలో సీసం చూపించుకున్నారా?

మిసూలా గుంటూరోడు | జనవరి 14

పాప ఉందండీ, నాలుగేళ్లు. గ్యారేజీలో పోస్తాను, తలుపు తెరిచే. పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు. వెళ్లగానే చేయించుకుంటాను, ఇక్కడే చెబుతాను.

మిసూలా గుంటూరోడు | జనవరి 19

నిన్న విజయవాడ వెళ్లాను. తాతగారిని వన్‌టౌన్‌లో ఎక్కించుకుని ఆటోనగర్‌లో మాస్టారి షెడ్డుకి చేరాం. అక్కడ తూటాల గుండు ఒక్కటి కూడా పొయ్యలేదు, లా పాయింట్ గారు నిశ్చింతగా ఉండొచ్చు. పోసినవి వలకి కట్టే సీసపు గుళ్లు. మాస్టారి బావమరిదికి కృష్ణలో వల ఉంది, ఆయనకే ఇచ్చేశాం. లోహం ఎలా నడుచుకుంటుందో చూడటానికి అవి చాలు.

టైర్ల షాపుల్లో చక్రాలకి కొట్టే బరువులు మాస్టారు ఒక డబ్బా నిండా ఏరి పెట్టారు. తాతగారు డబ్బా గచ్చు మీద బోర్లించి ఒక్కొక్కటీ గచ్చుకేసి కొట్టడం మొదలుపెట్టారు. సీసమైతే బొద్దుగా చప్పుడు, జింకు అయితే ఖణేల్‌మని మోగుతుంది. నలభైలో ఏడు జింకువి. జింకు 419 డిగ్రీల దాకా కరగదు, కాబట్టి మంట తక్కువలో ఉంచితే పైకి తేలుతుంది, తీసెయ్యొచ్చు. మంట పెంచి అది కలిసిపోతే ఆ కుండ మొత్తం గంజిలా చిక్కబడి అచ్చులోకి పారదట. అక్కడ నేను గ్యాస్ స్టవ్ మంట పెంచబోతుంటే ఆయన చెయ్యి పట్టుకున్నారు.

మూకుడు వేడెక్కేలోపు ఒక కథ చెప్పారు. ఆయన పనిచేసిన చోట ఒక వానాకాలం, అరిగిన అక్షరాలు కరిగించడానికి తెచ్చిన గోనెసంచి తడిసింది. కుర్రాడొకడు చూసుకోకుండా కరిగిన లోహంలో గుప్పెడు వేశాడు. లోహం కిందికి దిగిన తడి ఒక్కసారిగా ఆవిరై కుండలోదంతా పైకప్పుకి కొట్టింది. ఆ కుర్రాడి ముంజేతుల మీద మచ్చలు పెళ్లినాటికీ పోలేదట. "నీళ్లు పైన పడితే చుయ్‌మని పోతుంది బాబూ, కిందికి దిగితేనే చంపుతుంది" అన్నారు. చెంచా, అచ్చు, గరిటె అన్నీ మూకుడు అంచున పెట్టి వేడిచేశాకే లోపల ముంచారు. నేను ఇంతకాలం గరిటె చల్లగానే ముంచేవాణ్ని.

కరిగాక పైన బూడిద రంగు తెట్టు కట్టింది. అది చెత్త అనుకుని తీసి పారేసేవాణ్ని నేను. తాతగారు అయ్యో అన్నంత పనిచేశారు. అందులో సగం తగరమేనట, గాలికి మాడి పైకొచ్చింది. చిటికెడు మైనం, నాలుగు పలుకులు గుగ్గిలం వేసి, ఎండిన వేపపుల్లతో అడుగు గీకుతూ కలిపారు. మంట భగ్గుమంది, పొగ, ఆ తర్వాత తెట్టులో చాలాభాగం తిరిగి లోహంలో కలిసిపోయింది. పైన అద్దంలా మెరిసింది. మిగిలిన నల్లటి పొడిని తడిగుడ్డ కప్పిన డబ్బాలో వేశారు. డాక్టరు గారి మాట ఆయనకి గుర్తుంది.

మొదటి నాలుగు గుళ్లు ముడతలు పడ్డాయి. అచ్చు చల్లగా ఉంది. తర్వాతివి నున్నగా వచ్చాయి. ఇరవై దాటాక మంచు పట్టినట్టు తెల్లబడ్డాయి. అచ్చు బాగా వేడెక్కింది. ముడతల కంటే మంచు మేలు, కాసేపు ఆగితే సరి అన్నారు. వేడి కొలిచే సూది 380 చూపించింది. నేను 430 దగ్గర పోసేవాణ్ని. ఆ వేడికి తగరం ఊరికే మాడిపోతుందట.

చివర్లో తాతగారు జేబులోంచి చిన్న పొట్లం విప్పి ఒక అక్షరం నా చేతిలో పెట్టారు. 'క్ష'. ఫౌండ్రీ మూసేసిన రోజున తెచ్చుకున్నదట. కింద పెట్టి సుత్తితో కొట్టు అన్నారు. నాకు చేతులు రాలేదు. ఆయనే కొట్టారు. మూడు ముక్కలైంది, విరిగినచోట పంచదార పలుకుల్లా మెరుపు. పక్కన వల గుండు పెట్టి కొట్టారు, అది రొట్టెలా పరుచుకుంది, చీలలేదు. నా జింక ఎందుకు బాధపడిందో అప్పుడు కళ్లతో చూశాను.

పోత తాత | విజయవాడ, వన్‌టౌన్ | జనవరి 19

ఇంకా పదకొండు అక్షరాలు ఉన్నాయి బాబూ, బాధపడకు. ఒక్కటి సరిచేస్తున్నాను. ఆ 'క్ష' లైనోటైప్ లోహం కాదు, ఫౌండ్రీ టైపు. అందులో ఆంటిమొనీ పాతిక శాతం దాకా ఉంటుంది. నీది దానికంటే నయం. కానీ దారి అదే.

తెనాలి టెక్సాస్ | జనవరి 20

నీళ్ల బకెట్ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. చదివాక నేనూ నా సిలిండర్ కొలిచాను. నా గుండు కూడా ఒక థౌ తక్కువ. ఇరవై ఏళ్లు తోముతూనే ఉన్నాను.

తమ్ముడూ, ఎల్మర్ కీత్ పేరు తీశావు కదా. మీ పక్కనే ఐడహో రాష్ట్రంలో సామన్ ఊళ్లో ఉండేవాడు. .45 కోల్ట్‌లో మోతాదు మించి నింపితే ఆ సిలిండర్ ఆయన చేతిలోనే పగిలింది. తర్వాత గోడలు మందంగా మిగిలే .44 స్పెషల్‌కి మారాడు, ఆ పనే చివరికి 1955లో .44 మాగ్నమ్‌కి దారితీసింది. ఆయన వాడిన మిశ్రమం ఏంటో తెలుసా? పదహారు పాళ్లు సీసం, ఒక పాలు తగరం. ఆంటిమొనీ లేదు. బ్రినెల్ 11. నేను ఇది ఎన్నోసార్లు చదివాను, గట్టితనం మోజులో పట్టించుకోలేదు.

కొత్త డై వచ్చాక కేసు మూతి మడత మర్చిపోకు. గుండు మీద ఉన్న గాడిలోకి కేసు అంచు గట్టిగా మడవాలి. లేకపోతే ఒక తూటా పేలిన కుదుపుకి పక్క రంధ్రంలోని గుండు ముందుకి జారి, సిలిండర్ తిరక్కుండా పట్టేస్తుంది.

మిసూలా గుంటూరోడు | మిసూలా నుంచి | మార్చి 9

ఆలస్యానికి క్షమించండి, మంచు వల్ల షూటింగ్ రేంజికి వెళ్లడం కుదరలేదు. 92–6–2 కలిపాను, .431 డైలో సైజు చేశాను, సిలిండర్ గొంతులో గుండు వేలితో తోస్తే జారుతోంది, దానంతటది పడిపోవడం లేదు. నిన్న ముప్పై పేల్చాం.

చారలు మూడొంతులు తగ్గాయి. కానీ పూర్తిగా పోలేదు. గురి కూడా పద్దెనిమిది దాటాక మెల్లగా విచ్చుకుంది. అన్నీ సరిచేశాను కదా, ఇంకేం మిగిలింది? రాత్రంతా ఇదే టెన్షన్.

లేత్ మాస్టారు | విజయవాడ, ఆటోనగర్ | మార్చి 9

తమ్ముడూ, గుండు కేసులో పెట్టక ముందు కొలిచావు. పెట్టాక కొలిచావా? పేల్చకుండా ఉన్న తూటాల్లోంచి రెండు గుండ్లు ఊడబీకి మళ్లీ మైక్రోమీటర్ పెట్టు. ఇత్తడి కేసు బిగుతుగా ఉంటే, నీ కొత్త మెత్తని గుండుని అదే నొక్కేస్తుంది. గట్టి గుండుని నొక్కలేకపోయేది.

మిసూలా గుంటూరోడు | మార్చి 11

నాలుగు బీకాను. .4292, .4290, .4293, .4292. పెట్టేటప్పుడు .431.

మాస్టారూ, మీరు పన్నెండు వేల కిలోమీటర్ల అవతల కూర్చుని చూడకుండానే చెప్పారు. కేసు మూతి వెడల్పు చేసే ప్లగ్గు నేను వాడుతున్నది రాగి తొడుగు గుండ్ల కోసం చేసింది, సన్నగా ఉంది. పోత గుండ్లకి విడిగా లావుది, పొడవుది అమ్ముతారట. పక్కింటి మెషినిస్టుకి కొలతలు ఇచ్చాను, తనే తిప్పిస్తానన్నాడు.

మిసూలా గుంటూరోడు | ఏప్రిల్ 13

కొత్త ప్లగ్గుతో నింపిన తూటాల్లోంచి రెండు బీకి చూశాను: .4308, .4309. నిన్న యాభై పేల్చాం, ఇరవై ఐదు నేను, ఇరవై ఐదు మా ఆవిడ. ఇంటికొచ్చి పొడి గుడ్డ ఒక్కసారి లాగితే బ్యారెల్ లోపల అద్దం. యాభై గజాల దగ్గర చివరి ఆరు దెబ్బలు నా అరచేతి కింద పట్టాయి. తాతగారూ, ఇసుక గుట్టలోంచి తవ్వి తీసిన గుండు ఫొటో పెడుతున్నాను. ముక్కు కాస్త నలిగింది. మూడు రాళ్లకి తగిలినట్టుంది, అయినా ముక్క ఊడలేదు. బరువు 243 గ్రెయిన్లు.

డాక్టరు గారూ, రక్త పరీక్ష వచ్చింది. డెసిలీటరుకి నాది 9 మైక్రోగ్రాములు. పాపది 2.

అరండల్‌పేట డాక్టర్ | గుంటూరు | ఏప్రిల్ 13

పాపది చూసి ఊపిరి పీల్చుకున్నాను. పిల్లలకి 3.5 దాటితే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ జాగ్రత్తపడమంటుంది. మీది ఎక్కువే. ప్రాణాపాయం లేదు, కానీ ఎక్కువే. మూడు నెలలు పోత ఆపండి. ఆ గ్యారేజీ నేలని చీపురుతో ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. బ్యారెల్ తోమిన గుడ్డలు ఇంట్లోకి తేవద్దు. మళ్లీ పోసేటప్పుడు బయట షెడ్డులో, విడి చొక్కా, విడి చెప్పులు. ఆ బట్టలు పాప బట్టలతో కలిపి ఉతకొద్దు. రేంజి నుంచి వచ్చాక పాపని ఎత్తుకునే ముందు స్నానం. జులైలో మళ్లీ పరీక్ష చేయించి అంకె ఇక్కడ రాయండి.

పోత తాత | విజయవాడ, వన్‌టౌన్ | ఏప్రిల్ 14

ఫొటో చూశాను బాబూ. ముక్కు నలిగినచోట పలుకులు లేవు, సాగింది. పాకం కుదిరింది. డాక్టరమ్మ చెప్పినట్టు మూడు నెలలు కుండ ముట్టుకోకు. ఈలోగా నీ దగ్గర మిగిలిన లైనోటైప్ ఎన్ని కిలోలుందో రాయి, ఎంత మెత్తని సీసం కలపాలో మనవడి చేత లెక్క వేయించి పెడతాను.

మిసూలా గుంటూరోడు | ఏప్రిల్ 14

పందొమ్మిది కిలోలు తాతగారూ. ఇంకా ఇంగ్లీషు అక్షరాల వరసలుగానే ఉంది, కరిగించలేదు.

పోత తాత | విజయవాడ, వన్‌టౌన్ | ఏప్రిల్ 14

అయితే పందొమ్మిది కిలోల మెత్తని సీసం చూసుకో. ముందు ఆ వరసల మీద ఏముందో ఒకసారి చదివి, ఫొటో తీసి పంపు. ఎవరో కూర్చుని కట్టిన మాటలు అవి. చదవకుండా కుండలో వెయ్యకు.